తమ్ముడి తెల్లజుట్టు

మదనపల్లె,
ఆదివారం.

కోపంలో ఉన్నా నాకు ఒక్కగానొక్క చెల్లెలైన యశోదమ్మకు,

ఈ ఉత్తరం రాయకుండా ఎగ్గొట్టేవాణ్ణే. కాగితం తెచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు కళ్ళజోడు దొరకలేదు, రెండో రోజు పెన్ను రాయలేదు, మూడో రోజు రెండూ కుదిరాయి గానీ ధైర్యం కుదరలేదు. ఫోను చేద్దామంటే నువ్వు ఎత్తడం లేదు.

చంద్రికను జగదీష్‌కు చేసేముందు నీ కొడుక్కు రక్తపరీక్ష కావాలని నేనన్నప్పుడు, పుంగనూరులో మీ వాకిట్లో నిలబడి నువ్వన్న మాట మరిచిపోలేదు. "మా ఇంట్లో రోగం యాడుండాది? నీ కూతుర్ని ఇయ్యడం ఇష్టం లేకపోతే లేదని చెప్పన్నా! రగతమూ గిగతమూ అనేది యాల?"

రోగం మీ ఇంటిది కాదమ్మా, మనది. నా తమ్ముడు, నీ చిన్నన్న గంగులప్పది.

వాడు రాట్నం దగ్గర కూర్చున్న రోజులు గుర్తున్నాయా? పట్టుగూళ్ళు ఉడికే వాసన మన ఇంట్లో అన్నానికి కూడా పట్టేది. పిల్లనిచ్చే ముందు నన్ను చూడడానికి వచ్చిన మా మామ ముక్కు మూసుకొని మూడు ఓళిగలు తిన్నాడు, అది వేరే కథ. వేడినీళ్ళ తొట్టిలో గూడును తిప్పి దారం కొస పట్టడంలో గంగులప్ప వేళ్ళకు సాటి లేదు. అలాంటివాడికి ఇరవై రెండేళ్ళకే జుట్టు తెల్లబడింది. ముప్పైకి కళ్ళలో పొరలు వచ్చాయి, గొంతు కీచుగా మారింది. గూళ్ళ ఆవిరి కొట్టిందని అమ్మ అందరికీ చెప్పేది, మనమూ అదే చెప్పాం. నలభై ఆరుకే పోయాడు.

చంద్రిక తను పనిచేసే ల్యాబులో డాక్టరుకు వాడి ఫోటో చూపించింది. ఆయన చెప్పింది, ఏడో తరగతి తప్పిన బుర్రతో, పిల్ల ఇంటర్ పుస్తకాలు నెలరోజులు తిరగేసి అర్థం చేసుకున్నాను. మన ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్ఏ అనే రెండు పోగుల దారం పురి వేసి ఉంటుంది. నకలు తీయాలంటే ముందు పురి విప్పాలి. విప్పే పనివాళ్ళను హెలికేజులంటారు. వాళ్ళలో ఒకడు విప్పడంతో ఊరుకోడు, దారం చిక్కుపడినచోట, తెగినచోట బాగుచేయడానికి కూడా చెయ్యి వేస్తాడు. వాడు లేకపోతే తెగిన కొసలు తప్పుగా అతుక్కుంటాయి, కొన్ని ముక్కలు రాలిపోతాయి, కణం తొందరగా ముసలిదవుతుంది. మన వాడికి లేనిది ఆ పనివాడే. మదనపల్లెలో అందరికన్నా బాగా దారం విప్పినవాడి ఒంట్లో విప్పేవాడు లేడు, చూడు.

ఆ పనివాణ్ణి తయారుచేసే పాఠం, అంటే జన్యువు, అమ్మ నుంచి ఒకటి, నాయన నుంచి ఒకటి వస్తుంది. రెండూ చెడితేనే జబ్బు. నాయన అమ్మకు సొంత మేనమామ కదా, ఒకే చెడ్డ పాఠం రెండు దారుల్లోనూ వచ్చింది. మా రక్తం పరీక్షిస్తే నాకు ఒకటి చెడిందని, చంద్రికకూ ఒకటి చెడిందని తేలింది. జగదీష్‌కూ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ గంగులప్ప గతి పట్టే ముప్పు నాలుగింట ఒక వంతు.

ఇంకో సంగతి. కుప్పంలో కంటి శిబిరానికి వాణ్ణి నేనే తీసుకుపోయాను. చీటీ రాసే ఆయన "ఈ పెద్దాయన మీ నాయనా?" అన్నాడు. వాడు నాకన్నా నాలుగేళ్ళు చిన్న. చుట్టూ జనం. "అవున్సార్" అన్నాను. బయటికి వచ్చాక వాడు "ఏమి కొడకా, నాయనకు కాఫీ తాపించవా?" అని నవ్వాడు. ముప్పై ఏళ్ళుగా అందరికీ దాన్ని తమాషాగా చెప్పాను. అది తమాషా కాదమ్మా, వాణ్ణి తమ్ముడనడానికి సిగ్గుపడ్డాను. మళ్ళీ దాచి తాళి కట్టించలేను.

పరీక్ష వద్దంటే సంబంధం వద్దు. చంద్రిక ఏడ్చినా సరే.

నీ పెద్దన్న,
ఓబులప్ప

పుంగనూరు,
గురువారం.

పెద్దన్నకు యశోద రాసేది,

నీ ఉత్తరం జగదీష్ ముందే గట్టిగా చదివాను. కుప్పం సంగతి చిన్నన్న నాకు అప్పుడే చెప్పాడు. "అన్న నన్ను నాయన అనేసినాడు మే, ఇంక ఇంటి పెత్తనం నాదే" అని నవ్వి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. ఇన్నాళ్ళూ చెప్పలేదు.

చదవడం అయ్యాక జగదీష్ లోపలికి పోయి పెట్టెలోంచి ఒక కవరు తెచ్చాడు. పోయిన నెలలోనే చంద్రిక వాడికి పరీక్ష చేయించిందంట. వాడికీ ఒకటి చెడిందే. కడుపులో ఉండగానే బిడ్డను పరీక్షించే దారి ఉందని డాక్టరు చెప్పాడంట. అయినా వీళ్ళిద్దరే మాట్లాడుకొని పెళ్ళి వద్దనుకున్నారు. "మాకెందుకు చెప్పలేదురా?" అంటే, "మీరు ఒకరి మొగం ఒకరు సూడకుండా ఉంటే ఎవరికని చెప్పేదిమా?" అన్నాడు.

చంద్రిక కోసం కొన్న చీర పంపుతున్నాను. ఎవరిని చేసుకున్నా అదే కట్టుకోమను. నువ్వు శనివారం ఇక్కడికి రా.

జగదీష్ కవరు పెట్టెలో పెట్టేశాడు. తర్వాత ఆవును పితికి, డెయిరీలో పాలు పోసి వచ్చాడు.

నీ చెల్లెలు,
యశోద