ఉప్పెక్కువైన నిమ్మపొడి

రాంగోపాల్‌పేట్,
సికింద్రాబాద్.

స్వర్ణలత వదినకు నమస్కారాలు.

మీ స్టీలు డబ్బా ఖాళీగా పంపకూడదని అందులో నిమ్మపొడి పోసి, పైన ఈ ఉత్తరం పెడుతున్నాను. ఫోన్‌లో చెబుదామంటే మీ తమ్ముడు పక్కనే ఉంటున్నారు.

మీ సైనిక్‌పురి ఇంటి చెట్టు నిమ్మకాయలను మీరు చెప్పినట్టే గింజలు తీసి, పలుచగా చక్రాల్లా కోసి, డాబా మీద పెళపెళలాడేదాకా ఎండబెట్టి, మిక్సీ పట్టాను. కానీ ఒక పొరపాటు జరిగింది. షర్బత్తుకు కదా, ఉప్పు తగలనీయొద్దని మీరు మరీ మరీ చెప్పారు. నిమ్మకాయ కోస్తే ఊరగాయకే అన్న అలవాటు నాది. చేయి ఊరుకోక ముక్కలకు ఉప్పు పట్టించేశాను. పారేయడానికి మనసొప్పక పొడిని పెరుగన్నంలో కలిపి ఆయనకు పెట్టాను.

ఆ జ్వరం తగ్గినప్పటి నుంచి ఆయన నాలుకకు ఏ రుచీ తెలియడం లేదని మీకు తెలుసు. ఏం వండినా "మంచిగుంది" అనేవారు. నన్ను నొప్పించొద్దనే ఆ మాట అంటున్నారని తెలిసి వంటింట్లో కళ్ళు తుడుచుకునేదాన్ని.

నిన్న మాత్రం ఒక ముద్ద తిని ఆగారు.

"ఏందే, గింత ఉప్పేసినవ్? పులుపు సుత ఎక్కువైంది" అన్నారు.

ఈ పొద్దున చాయ్‌లో చక్కెర తక్కువైందని కూడా గొణిగారు. అంతా మీ చలవే వదినా. వీలైతే ఇంకొన్ని కాయలు పంపండి. ఈసారి కూడా ఉప్పు వేస్తాను.

మీ మరదలు