మీ మామ తెచ్చిన కడియాలు

ప్రమీలా, నేను తునికాకుకు పోతున్న. అంబలి కుండలో ఉంది. నీ అంగన్‌వాడీ అయస్కాంతం రోకలి ఇనుప పొన్నుకు అంటుకొని ఉంది, తీసుకపో.

నిన్న నీ బిడ్డ మౌనిక దాన్ని నా వెండి కడియాలకు పెట్టింది. గట్టిగ అంటుకుంది. వెండికి అంటుకోదని పిల్లలతో పాట పాడించేది నువ్వే కద టీచరమ్మా! వాటిని కరిగించి మౌనికకు పట్టీలు చేయిద్దామన్నవని దసరా నుంచి నీతో మాట్లాడకపోతి. మీ మామ తిరునాళ్లల కొన్న అసలు వెండి అని ఊరంతా చెప్పుకుంటి. మహానుభావుడు, చచ్చి బతికిపోయిండు.

కడియాలు నీ సంచిల పెట్టిన. ఇనుమంటే ఇదే అని పిల్లలకు చూపించు. ఎవరివో చెప్పకు.

నోటితో చెప్పలేక నువ్వు దిద్దించిన అక్షరాలతోనే రాసిన. సాయంత్రం వచ్చి మాట్లాడత. నవ్వినవంటే మళ్లీ మానేస్త.