బీరువాలో టీసీ

పుంగనూరు,
ఆదివారం.

చెంగమ్మకు,

నీ జాబు కుప్పం బస్సు కండక్టర్ రాజేంద్ర మంగళవారం నాడు తెచ్చి ఇచ్చాడు. ఇక్కడ నేనూ, మన తేజస్వినీ, మా అమ్మా ఒంట్లో బాగానే ఉన్నాము. శాంతిపురం హాస్టల్ వంటింట్లో ఆ పొగకూ ఆవిరికీ నీకు దగ్గు తిరగబెట్టలేదనే తలుస్తాను. డ్యూటీలో మీ ఫోన్లు వార్డెన్ పెట్టుకుంటుంది. సాయంత్రం చేద్దామంటే నీ చుట్టూ నలుగురు వంటమనుషులు చెవులు పెట్టి ఉంటారు. అదీగాక ఫోన్లో నేను ఒకటంటే నువ్వు పది అంటావు, నేను చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదివి ఆ తర్వాత తిట్టు.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. మదనపల్లె డిగ్రీ కాలేజీ క్లాసులు నిజంగానే ఉచితమా, వెనక ఏదైనా మెలిక ఉందా అన్నావు. మెలిక ఏమీ లేదు. ఇంటర్ చదువుతూనే శని, ఆదివారాలు అక్కడికి పోయి డిగ్రీ పాఠాలు రెండు చదువుకోవచ్చు. ఆ మార్కులు రేపు డిగ్రీలో చేరినప్పుడు కలుపుతారు. ఇక్కడి జూనియర్ కాలేజీ ఇంగ్లీషు లెక్చరర్ ప్రమీలమ్మ మేడమే పాప పేరు రాయించింది. ఊరికే వచ్చేదాన్ని నువ్వు నమ్మవని నాకు తెలుసు. సంతలో కొసరు వేసిన వంకాయను కూడా పుచ్చేమో అని తిప్పి చూసే మనిషివి.

ఒక్కతే పోతుందా అన్నావు. లేదు, వాళ్ల క్లాసు సంగీత తోడుంది, ఇద్దరూ కలిసే బస్సెక్కుతారు. అన్నం నేనే కట్టిస్తున్నాను. పోయిన వారం చింతపండు అన్నంలో ఉప్పు మరిచిపోయాను. పాప చెప్పలేదు, సంగీత చెప్పింది.

రెండు చదువులంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు కాదా అన్నావు. మొదట నేనూ అదే అన్నాను. కానీ అక్కడ నేర్చుకున్న కంప్యూటర్ పాఠంతో, మన పాల సెంటర్‌కు ఎవరి పాలలో ఎంత వెన్న వస్తోందో పాప నా ఫోన్లోనే పట్టిక వేసి ఇచ్చింది. చౌడేపల్లె ఆదెప్ప ఆవుకు వెన్న రోజురోజుకీ తగ్గుతోందని దాంట్లోనే తెలిసింది. డాక్టరును పిలిస్తే ఆవుకు పొదుగువాపు మొదలైందన్నాడు. ఆదెప్ప ఇప్పుడు పాపను చూస్తే లేచి నిలబడుతున్నాడు. ఇంటర్ చదువులో కూడా పాప వెనకబడలేదు.

ఆఖరున, హాల్ టికెట్ వచ్చిందా అని అడిగావు.

రాలేదు చెంగమ్మా. సంగీతకు వచ్చింది, క్లాసులో అందరికీ వచ్చింది, పాపకు రాలేదు. పరీక్షలు వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం మొదలు. రాకపోవడానికి కారణం నేను.

పోయిన నెల మదనపల్లె కాలేజీ వాళ్లు, పిల్లలు ఇంటర్ చదువుతున్నట్టు రుజువు తెమ్మన్నారు. "స్టడీ సర్టిఫికెట్ సాలంట నాయనా" అంది పాప. నువ్వు చదువుకో, నేను తెస్తానన్నాను. స్టడీ సర్టిఫికెట్ అంటే బస్సు పాసుకు ఇచ్చే కాగితం. నాకు తెలిసినంతవరకు ఒక కాలేజీలో చేరడమంటే టీసీ ఇచ్చి చేరడమే. నా చెల్లెలికీ, నీ తమ్ముడికీ అట్లాగే జరిగింది. టీసీ ఇవ్వకపోతే రేపు ఎవరైనా మీ బిడ్డ మా రిజిస్టర్లో గట్టిగా లేదంటే ఏం చేయాలని నా భయం. పాపను ఒక్క మాట కూడా అడగకుండా వాళ్ల జూనియర్ కాలేజీకి పోయి టీసీ ఇమ్మన్నాను.

గుమాస్తా భీమరావు కళ్లద్దాల మీదుగా చూశాడు. "పరీక్షలు ముందర పెట్టుకోని టీసీ ఏందప్పా?" అన్నాడు.

"మదనపల్లె కాలేజీలో చేరిందిలే సార్" అన్నాను గొప్పగా. అక్కడ ఇంకో ఇంటర్ కాలేజీకి మారుతోందనుకుని ఆయన నా సంతకం తీసుకుని పాప పేరు కొట్టేశాడు. నేను టీసీ పట్టుకుని నేరుగా జిరాక్స్ షాపుకు పోయి లామినేషన్ కూడా చేయించాను, తడవకుండా ఉంటుందని.

మర్నాడు మదనపల్లె కాలేజీ ఆఫీసులో కూర్చున్న ఆవిడ దాన్ని చూసి నుదురు కొట్టుకుంది. "ఇదేల తెచ్చినావప్పా? ఆ పిల్ల ఆడ ఇంటర్ చదవతా ఉంటేనే ఈడ క్లాసుకు రానిచ్చేది. రేపే పొయ్యి తిరిగి ఇచ్చేసి రా" అంది.

నేను పోలేదు. పన్నెండు రోజులు పోలేదు. ఇంటికొచ్చి దాన్ని బీరువాలో నీ పట్టుచీర కింద పెట్టాను. భీమరావు ముందర అంత గొప్పగా మాట్లాడి, ఇప్పుడు తెలియక చేశానని ఎట్లా చెప్పాలని సిగ్గు. పొద్దున రేపు పోదామనుకోవడం, సాయంత్రం సెంటర్లో పనుందని నాకు నేనే సర్దిచెప్పుకోవడం. పరీక్షల ముందు చదువుకోమని వదిలేసే రోజులు కదా, హాజరు పిలవరు, పాపకు తెలియలేదు. ఈలోగా పాప పేరు లేకుండానే కాలేజీ నుంచి పేర్లు ఇంటర్ బోర్డుకు పోయాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చాను.

గురువారం మధ్యాహ్నం పాప పాల సెంటర్‌కే వచ్చింది. "నాయనా, నా పేరు యాడా లేదు. టీసీ తీస్కపొయినారంట. నువ్వా?" అంది. ఇంటికి తీసుకుపోయి బీరువా తెరిచి చూపించాను. లామినేషన్ మీద వేలితో రెండుసార్లు రుద్దింది. నన్ను తిట్టి ఉంటే నాకు బాగుండేది.

శుక్రవారం ప్రిన్సిపాల్ దగ్గరకు పోయాము. భీమరావు టీసీని అటూ ఇటూ తిప్పి, "దీని మీద క్యాన్సిల్ అని యాడ రాసేదప్పా, నీ తల మీదనా?" అన్నాడు. ప్రిన్సిపాల్ అడిగాడు, ఎవరు చేసిన పని ఇది అని. నేను నోరు తెరిచేలోగా పాప, "నేనే తెమ్మన్యాను సార్. నేనే బీరువాలో పెట్టుకున్యాను. మా నాయనకు ఏం తెలీదు" అంది.

ఆయన చాలా మాటలన్నాడు. డిగ్రీ మీద ఆశతో ఇంటర్ పోగొట్టుకున్నావన్నాడు. ఇంటర్‌నే కాపాడుకోలేనిదానికి ఆ క్లాసులెందుకన్నాడు. మదనపల్లెకు ఇక పోనని రాసిమ్మన్నాడు. పాప అక్కడే నిలబడి రాసిచ్చింది. నేను పక్కనే ఉన్నాను చెంగమ్మా. నా కండువా చివర పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట అనలేదు. టీసీ తీయడం తెలివితక్కువ. పన్నెండు రోజులు దాచడం పిరికితనం. ఇది ఆ రెండింటికంటే నీచం. మూడు రోజులుగా అన్నం ముందు కూర్చుంటే అదే గుర్తొస్తోంది.

బయటికొచ్చాక ప్రమీలమ్మ మేడం నన్ను పక్కకు పిలిచింది. "ఆ పిల్ల అబద్ధం చెప్పిందని నాకు తెలుసప్పా. జరిగింది మీరు రాసిస్తే ఆ క్లాసులు నిలపకుండా నేను మాట్లాడతాను. హాల్ టికెట్ సంగతి పైవాళ్ల చేతిలో ఉండాది, మాట ఇయ్యలేను" అంది. తిరిగి చేర్చుకోవాలన్న అర్జీ మీద ఈసారి తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలట.

ఆ అర్జీ దీంతోపాటు పంపుతున్నాను. జరిగింది జరిగినట్టు రాశాను. రేపు పొద్దున రాజేంద్ర తెచ్చి ఇస్తాడు, సంతకం పెట్టి మధ్యాహ్నం బస్సుకే ఆయన చేతికి ఇచ్చేయ్. మంగళవారం పొద్దున్నే పాపను పక్కన పెట్టుకుని ప్రిన్సిపాల్ ముందు నేనే చదువుతాను. హాల్ టికెట్ వస్తుందో రాదో తెలియదు. నాకు చాలా భయంగా ఉంది.

నిన్న పాప క్లాసుకు పోలేదు. ఈరోజు కూడా సంగీత ఒక్కతే బస్సెక్కింది. ఇందాక వచ్చి, "అమ్మకా రాస్తాండావు?" అని అడిగింది. అవునన్నాను.

"నేనే తెమ్మన్యానని రాయి నాయనా. నిన్నయితే అమ్మ ఊరికే ఇడిసిపెట్టదు. నన్నయితే రెండు మాటలని ఊరుకుంటాది" అంది.

సరే అట్లాగే రాస్తానన్నాను. నమ్మి లోపలికి పోయి చదువుకుంటోంది.

ఇట్లు,
తేజస్విని నాయన,
సిద్దప్ప