రెక్క పట్టని విమానం

ప్రియమైన బావమరిదికి,

మీ అక్కా నేనూ కులాసా. పుట్టినరోజుకి నువ్వు పంపిన బొమ్మవిమానం పెట్టె అందింది. నూటనలభై ముక్కలు! ముప్పై ఏళ్లుగా జనం పళ్లతో కుస్తీ పడుతున్నవాడికి ఇదో లెక్కా అనుకుని భోజనాల బల్లంతా పరిచాను. మీ అక్క కంచం ఒళ్లో పెట్టుకుని తింటోంది.

ఒక మాట, నీ కడుపులోనే దాచుకో. పోయినవారం ఒకాయనకి పన్ను కడుతుంటే నా చెయ్యి వణికింది. ఆయన చూడలేదు, నేను చూశాను. భయం వేసిందిరా. అందుకే ఒట్టు పెట్టుకున్నా. ఈ విమానం అతుకు కనపడకుండా కడితే క్లినిక్ ఉంటుంది. లేదంటే బోర్డు దింపేస్తాను.

కుడిరెక్క మాత్రం గాడిలో కూర్చోనంటోంది. ఏం చెయ్యను?

నీ పళ్లడాక్టరు బావ

తా.క. జిగురుకి బొటనవేలూ చూపుడువేలూ అతుక్కుపోయాయి. కలం మధ్యలో దూరిస్తే భలే ఆగింది. దస్తూరి ఇంత కుదురుగా ఉన్నది అందుకే.

*

బావగారికి నమస్కారాలు.

ఇరవై ఏళ్లుగా షెడ్డులో అసలు విమానాలకే మరలు బిగిస్తున్నవాణ్ణి, నన్నడిగి మంచిపని చేశారు. మా దగ్గర ఒకటే సూత్రం: ముక్క పట్టకపోతే తప్పు ముక్కది కాదు, చేతిది. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికొకడు! ప్రతి ముక్కకీ నంబరు రాసిన చీటీ కట్టి మళ్లీ పెట్టి చూడండి. క్లినిక్ మూసేయడమేమిటి, విడ్డూరం కాకపోతే!

మీ మెకానిక్ బావమరిది

తా.క. తోక దగ్గర జాగ్రత్త. నాకెలా తెలుసని అడక్కండి.

*

బావమరిదీ,

చీటీలు కట్టాను. చాలకపోతే క్లినిక్‌లో పేషెంట్ల టైములు రాసుకున్న చీటీలూ వాడేశాను. రేపు పదింటికి రావాల్సినాయన ఇప్పుడు చక్రానికి వేలాడుతున్నాడు. ఎవరెప్పుడొస్తారో దేవుడికే ఎరుక.

అయినా రెక్క పట్టలేదు. తప్పు చేతిదే అన్నావుగా, చేతికే పని చెప్పాను. పళ్లు అరగదీసే మిషనుతో రెక్క మొదలు అరగదీసి, సందులో పళ్ల సిమెంటు నింపాను. తోకకీ అదే వైద్యం. నా కంటికి అతుకు కనపడటం లేదు గానీ, నా కంటిని నేను నమ్మను. విమానం పోస్టులో పంపుతున్నా. తీర్పు నీదే.

బావ

తా.క. మీ అక్క మహా సంతోషంగా ఉంది. బల్ల ఖాళీ అయింది.

*

బావగారికి,

విమానం క్షేమంగా చేరింది. తోక తేడాగా ఉందండీ. పెట్టె మీద బొమ్మలో గుండ్రంగా ఉంటుంది, మీది కోసుగా ఉంది. మా షెడ్డులో అయితే ఎర్రచీటీ కట్టి పక్కన పెట్టేస్తారు.

బావమరిది

తా.క. ఊరికే ఉన్నమాట అన్నాను, మనసులో పెట్టుకోకండి.

*

బావమరిదికి,

పెట్టెలో ఉన్న ముక్కలే పెట్టానురా. గుండ్రటి తోక నా చేతిలో కోసుగా తేలిందంటే చెయ్యే కాదు, కళ్లూ పోయాయన్నమాట. ఏడుపొచ్చినంత పనైంది. సోమవారం బోర్డు దింపడానికి మనిషిని పిలిచాను.

బావ

తా.క. మీ అక్కకి ఎలా చెప్పాలో తెలియట్లేదు. నువ్వే చెప్పు.

*

బావగారి పాదాలకి,

అక్కకి చెప్పాల్సింది మీ సంగతి కాదు, నా సంగతి.

మీ ఉత్తరం చదివాక అటకెక్కి ఇంకో పెట్టె దింపాను. గుండ్రటి తోకా, అసలు కుడిరెక్కా అందులో ఉన్నాయి. నిరుడు రెండు రకాల బొమ్మవిమానాలు కొని ఒకేసారి మొదలుపెట్టాను. ఒక్కటీ నిలబడలేదు. గది ఊడుస్తూ మా ఆవిడ ముక్కలన్నీ ఒకే సంచిలో పోస్తే, చీటీలూ నంబర్లూ లేకుండా కంటి అంచనాతో రెండు పెట్టెల్లో సర్దేశాను. అందులో ఒకటి మీకు బహుమతి అన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మీరు రెండు వేరేవేరే విమానాలని ఒకటి చేశారు. ఆ అతుకు కోసం భూతద్దం పెట్టి గంట వెతికాను. దొరకలేదు. ఈ ముక్క పోయిన ఉత్తరంలోనే రాయాల్సింది, నా బోడి గొప్ప అడ్డొచ్చింది.

బోర్డు ముట్టుకోనివ్వకండి. సోమవారం పొద్దున్నే మొదటి పేషెంటుగా నేనొస్తున్నాను. కింది పన్ను నెలరోజులుగా ప్రాణం తీస్తోంది. భయంతో ఏ డాక్టరు దగ్గరా నోరు తెరవలేదు. మీ చేతికైతే తెరుస్తాను.

మీ బావమరిది

తా.క. తిట్టేవన్నీ పని మొదలుపెట్టకముందే తిట్టేయండి. తర్వాత నేను జవాబు చెప్పలేను.