నాన్న లేని క్రిస్మస్ పాక

లాలాగూడ, డిసెంబరు 26

అమ్మకు వందనాలు. దిగులుపడకు, నాన్న పోయినా, ఆయన ఏటా చర్చిలో కట్టే యేసయ్య పుట్టిన పశువుల పాక ఈసారి నేనే కట్టాను. ఎండుగడ్డికి అల్వాల్‌లో పాలమ్మే అనసూయమ్మ దగ్గరికి వెళ్తే, "యేసయ్య రాజంటరు గదా, గడ్డిల పండుడేంది?" అంది. మా చిన్నప్పుడు నాన్న చెప్పిన మాటే చెప్పాను: "మేడలో పుడితే మనల్ని వాకిట్లోనే ఆపేసేవారమ్మా."

నిన్న ఆవిడ చర్చికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. బాల యేసు బొమ్మను పడుకోబెట్టిన తొట్టి ముందు కూర్చుని, "పసిపోరడు, గుచ్చుకుంటది" అంటూ గడ్డిని అరచేత్తో మెత్తగా సర్దింది. అచ్చం నాన్నలాగే. నాకు ఏడుపాగలేదు.

అక్కడ చెల్లి పాపకు పాలు సరిపోతున్నాయా? పండక్కి వండిన గులాబీ పువ్వులు గుల్లగా రాలేదు, పిండి ఎలా కలపాలో రాయి. నువ్వొచ్చాక నాన్న చెప్పిన యేసయ్య కథలన్నీ నీ నోట వినాలనుందట అనసూయమ్మకి. ప్రభువు మిమ్మల్ని చల్లగా కాయాలి.

నీ ఎస్తేరు