తెల్ల గౌను

నర్సీపట్నం, 1978 నవంబరు. ఆదివారం రాత్రి.

సాయంత్రం వంటింట్లోంచి వచ్చేసరికి, జ్వరంతో పడుకున్న మా పాప సువార్త మంచం మీద లేదు. పోయిన క్రిస్మస్‌కి కుట్టించిన తెల్ల గౌను వేసుకుని గుమ్మంలో కూర్చుంది. ఒళ్లు కాలిపోతోంది.

"ఏటే ఇది? ఎక్కడికి?" అన్నాను.

"తమ్ముడి దగ్గిరికెళ్తానమ్మా. పరలోకంలో అందరికీ తెల్లబట్టలేనని సండేస్కూల్లో నువ్వే సెప్పినావు కదా. అక్కడ జొరం ఉండదు, సేదు మాత్రలుండవు."

దానికి ఆరేళ్లు. చిన్నోడు నిరుడు ఇదే మలేరియాతో పోయాడు. అప్పుడు దీని ఏడుపు మాన్పించడానికి పరలోకాన్ని ఎంత అందంగా చెప్పానో! పొద్దున్న ఇచ్చిన మాత్ర దిండు కింద దొరికింది. నిన్నటిది మింగిందో లేదో...

గౌను విప్పించి ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. మాత్ర పొడి చేసి, బెల్లంలో కలిపి మింగించాను. జ్వరం ఇంకా దిగలేదు. దానికి ఏ భయమూ లేదు. అదే నా భయం.

ఇందాక, రోజూలాగే దాని మంచం పక్కన పరలోక ప్రార్థనకి మోకరించాను. ఆ ప్రార్థనలో మొదటి మాటే పరలోకం. పిల్ల చేతులు జోడించి, నేనెప్పుడు మొదలుపెడతానా అని నాకేసే చూస్తోంది.

మొదటి మాటలు వదిలేసి, "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" దగ్గర్నించి మొదలుపెట్టాను.