కంచం అంచున మిరియం

కోవిల్‌పట్టి, ఆదివారం రాత్రి

నాయన ఈరోజు కడుపు నిండా తిన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఏం పెట్టినా రెండు ముద్దలకే చేయి కడిగేసుకుంటున్నాడు. తుపాకితో కొట్టిన కౌజు పిట్ట అయితేనే తింటానని ఒకటే మొండిపట్టు. ఇప్పుడు వేటకు పోతే కేసు పెడతారు. అందుకే విరుదునగర్‌లో ఫారం కౌజులు కొన్నాను. మిరియాలు వేసి వేయించి, ఎముకలు తీసేసి, మా బేకరీలో రోజూ చేసే పఫ్ పొరల్లో చుట్టి కాల్చాను.

"ఇది యాడిదిరా?" అన్నాడు.

"నాగలాపురం చేలల్లో కొట్టినారంట నాయనా."

"రొట్టెలో ఏల దాచినావు?"

"ఫారెస్టోళ్ళు చూస్తే వదలరు గదా."

నవ్వాడు. నవ్వి ఎన్నాళ్ళయిందో. తర్వాత వెనకటిలాగే, నాలుకతో తడుముకుంటూ మెల్లగా నమలసాగాడు. తుపాకి దెబ్బ తిన్న పిట్టలో సీసపు రవ్వలు ఉంటాయి. అవి పంటికి తగలకుండా వెతికి తీసి కంచం అంచున పెట్టడం మా ఇంట్లో అందరికీ అలవాటు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఫారం పిట్టలో రవ్వలెక్కడివి? ఆయన నమిలినంతసేపూ ఆయన నోటివంకే చూస్తూ కూర్చున్నాను.

"బాగుండాదిరా," అని లేచి పోయి పడుకున్నాడు.

కంచం తీస్తుంటే అంచున ఒక మిరియపు గింజ కనిపించింది. రవ్వలు పెట్టే చోటే, పద్ధతిగా పెట్టి ఉంది.

చూపు అంతగా తగ్గిపోయిందా ఆయనకు? లేక నా కోసమే పెట్టాడా...

అడగలేను. వచ్చే ఆదివారం కూడా మిరియాలు దంచకుండానే వేస్తాను.